చలికి పోయిన దుంగలు

మొన్న పొద్దున కడప నుంచి మస్తాన్ భాయ్ ఫోన్ చేశాడు. రంజానుకు ఓసారి, దసరాకు ఓసారి తప్ప చెయ్యని మనిషి. పలకరింపు కూడా లేకుండా, "భాయ్, మన కాకా పోయినాడంట గదా, నీకు తెలుసా?" అన్నాడు. నాకు తెలియదు. కాకాది నిర్మల్ దిక్కు, మా ఊరికి బస్సులో గంట దూరం. కబురు మాత్రం కడప దాకా పోయి, అక్కడి నుంచి వెనక్కి తిరిగి నాకు వచ్చింది. కాకా కొడుకు మస్తాన్‌కే చేశాడట, నాకు కాదు. బాధకంటే ముందు నాకు ఒళ్లు మండింది. బతికున్నన్నాళ్లూ కాకా ఏ సంగతీ చెప్పాల్సిన వాళ్లకు చెప్పేవాడు కాదు. పోయేటప్పుడూ అదే పద్ధతి.

కాకా నాకు చుట్టం కాదు. ఒమాన్‌లో మా క్యాంపు మొత్తానికి ఆయన కాకానే. అసలు పేరు పాస్‌పోర్టులో ఉండేది, పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో ఉండేది, ఇక ఎవరికి గుర్తుంటుంది?

డెబ్బైల చివరి సంగతి. బహ్లా అనే ఊరికి పైన కొండల్లో, అక్కడివాళ్లు జబల్ అంటారు, దాని మీద, కంపెనీ ఒక బడీ చిన్న ఆస్పత్రీ కడుతోంది. ఎడారికి పోతున్నానని ఇంట్లో చెప్పి, రెండు పల్చటి చొక్కాలు పెట్టెలో పెట్టుకుని వచ్చిన వాణ్ని నేను. ఆ జబల్ మీద చలికాలం పొద్దున బకెట్టులో నీళ్ల మీద మంచు పెచ్చు కట్టేది. దాన్ని చెంబుతో పగలగొట్టి మొహం కడుక్కునేవాళ్లం. గల్ఫ్ అంటే ఎండ అనుకునే మా ఊరివాళ్లకు తర్వాత ఎంత చెప్పినా ఒక్కడూ నమ్మలేదు.

నేను పికప్ డ్రైవర్ని. బహ్లా నుంచి బియ్యం, డీజిల్, మేకులు, ఉల్లిగడ్డలు పైకి మొయ్యడం నా డ్యూటీ. కాకా షట్టరింగ్ కార్పెంటర్, కాంక్రీటు పోయడానికి కట్టె పలకలతో అచ్చు కట్టే పని. మస్తాన్ భాయ్ ప్లాస్టరింగ్ మేస్త్రి. ముగ్గురిదీ ఒకే రూమ్.

కాకా నోట్లో ఎప్పుడూ మేకులుండేవి. పలక కొట్టేటప్పుడు వరసగా పెదాల మధ్య పట్టుకుని ఒక్కొక్కటే తీసేవాడు. అందుకని మాటంతా నోటి మూల నుంచి వచ్చేది. అలవాటై, మేకులు లేనప్పుడు కూడా, అన్నం తిని కూర్చున్నప్పుడు కూడా, మూల నుంచే మాట్లాడేవాడు. కోపమో నవ్వో తెలిసేది కాదు. ఏ కట్టె కనిపించినా వేలి గణుపుతో రెండుసార్లు తట్టి చెవి ఆనించేవాడు. మంచం కోడు, సామాను పెట్టె, ఆఖరికి ఫోర్‌మన్ కూర్చున్న కుర్చీ. తొందరపెడితే, "ఆగు, కట్టె ఇంక జవాబియ్యలే" అనేవాడు. సైట్లో కాంక్రీటు పోసేవాళ్లు బొచ్చెలు పట్టుకుని నిలబడి ఉంటే ఈయన పలకతో సంభాషణ! ఫోర్‌మన్ నెత్తి కొట్టుకునేవాడు.

ఇంకో మాట ఉండేది, దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు పళ్లు నూరాలనిపిస్తుంది. "అయితది తియ్." జీతం ఆలస్యమైందంటే అయితది తియ్. ఊరి నుంచి కబురు రాలేదంటే అయితది తియ్. ఒకసారి నా బండి బ్రేకులు పట్టక లోయ అంచున ఆగితే, పక్క సీట్లో కూర్చుని అదే మాటన్నాడు. ఏమవుతుందయ్యా, ఎప్పుడవుతుంది, ఎవరు చేస్తే అవుతుంది? అడిగితే దానికీ అదే మాట.

ఆ మొదటి చలికాలం మా క్యాంపులో ఒక జపాన్ సారు ఉండేవాడు. కొండల్లో నీళ్ల జాడలు చూడటానికి వచ్చిన ఇంజనీరు. మంచివాడు, కాని భాష లేదు. మనకు ఆయనది రాదు, ఆయనకు మనది రాదు, ఇద్దరికీ ఉన్న ఇంగ్లీషు ఇద్దరికీ చాలదు. అన్నం దగ్గర డబ్బా చేపలు కెలుకుతూ దిగులుగా కూర్చునేవాడు. ఆయన దగ్గర ఒక గుడ్డసంచి ఉండేది. దాని నిండా సుద్దముక్కలంత కొయ్య మేకులు, వాటికి తెల్లగా బూజు. వాళ్ల దేశంలో చలి ప్రాంతాల్లో మొద్దులకు బెజ్జాలు కొట్టి, ఈ మేకులు దిగ్గొట్టి, ఆరుబయట నీడలో పేరుస్తారట. వాటి నుంచి పుట్టగొడుగులు వస్తాయట. ఈ సంగతంతా ఆయన కాకాకు చేతులతోనే చెప్పాడు. ముందు గజగజ వణికాడు. తర్వాత నుదుటి చెమట తుడుచుకున్నాడు. మళ్లీ వణికాడు. అప్పుడు దుంగను నీళ్లలో ముంచినట్టు చూపించి, సుత్తితో దాని తలమీద కొట్టినట్టు చూపించి, పిడికిలిని మెల్లగా గొడుగులాగా విప్పాడు. చలి పోయి, ఎండ పోయి, మళ్లీ చలి పోతే మొలుస్తాయని అర్థం. మేమంతా పగలబడి నవ్వాం. కాకా నవ్వలేదు.

ఆ ఏడు వాన కురిసి వాగు పొంగినప్పుడు ఒక ముసలి ఒమానీ తోటలో రెండు ఖుబానీ పళ్ల చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. కాకా పోయి ఆ ముసలాయన ముందు చేతులు కట్టుకుని నిలబడి, కొమ్మలు అడిగి తెచ్చుకున్నాడు. జపాన్ సారూ ఆయనా కలిసి మూరెడు మూరెడు దుంగలు కోశారు. గిర్మిట్‌తో బెజ్జాలు కొట్టి, మేకులు దించి, నేను బహ్లా నుంచి తెచ్చిన కొవ్వొత్తులు కరిగించి బెజ్జాలకు మూత వేశారు. పని పూర్తయిన వారానికే జపాన్ సారుకు వేరే చోటికి డ్యూటీ పడింది. ఆయన పోయాడు, పిచ్చి మాత్రం మా దగ్గరే ఉండిపోయింది.

"కాకా, మొద్దు మీద మొలిచేవి కుక్కగొడుగులే గద. మనకాడ పుట్ట మీద లేసినయే తింటరు. గివి తింటే కాటికే పోతం" అన్నాను.

"జపానోళ్లు పోయిన్రా కాటికి?" అన్నాడు నోటి మూల నుంచి.

"మరి ఆ సుత్తె ఎందుకు?"

"మనకాడ ఉరుములు ఉరిమితేనే పుట్టకొక్కులు లేస్తయి గద. ఉరుము లేని తావున సుత్తెతోని కొట్టాలె. గంతే."

ఇది ఆయనకు పరమ న్యాయంగా తోచింది. నిజం చెప్పొద్దూ, ఆ నిమిషం నాకూ తోచింది. అదీ నా కోపం.

ఎండాకాలమంతా ఆ దుంగలకు సేవ. గోనెసంచులు తడిపి కప్పాలి. బావి లేదు, కొళాయి లేదు. కొండ నుంచి తోటలకు పారే కాలువ, ఫలజ్ అంటారు, అందులో నీళ్లకు ఊరివాళ్ల వంతులున్నాయి. పరాయివాడు చెంబు ముంచినా తప్పే. కాబట్టి సైట్ పీపాల్లో నీళ్లు నా పికప్ మీదే రావాలి. స్నానానికి అరబకెట్టు దొరకని చోట మొద్దులకు స్నానం! మస్తాన్ భాయ్ రోజూ గొడవ. "ఏం మనిషివప్పా కాకా! మనుషులు గబ్బుకొట్టి సస్తావుంటే లకడీకి గుసుల్ చేయిస్తావా?" కాకా వినేవాడు, తలూపేవాడు, పీపా దొర్లించుకుపోయేవాడు.

ఒకరోజు పికప్‌లో బహ్లా పోతూ అడిగేశాను. ఎందుకు కాకా నీకీ యాతన? చేపల కూర ఉంది, కోడిగుడ్లున్నాయి, పుట్టకొక్కుల కోసం చచ్చిపోతున్నావా?

కిటికీలోంచి వెనక్కి చూశాడు. బడి గోడలు కనిపిస్తున్నాయి, నిన్ననే పలకలు ఊడదీసినవి.

"గా గోడ ఎవ్వలదిరా?" అన్నాడు.

"మస్తాన్ భాయ్ ప్లాస్టర్ చేస్తున్నడు."

"ఆఁ. గోడ మస్తాన్‌ది. రంగు రంగేసెటోనిది. తలుపు తలుపు కొట్టెటోనిది. నేను కట్టిందేది? పలకలు కొట్టిన, నిలవెట్టిన, సిమెంటు గట్టివడంగనే పీకేసిన్రు. ఇరవై ఏండ్ల సంది గిదే పని. బొంబైల కట్టిన, గీడ కట్టిన. నాదని సూపిద్దామంటే ఒక్క కట్టె నిలవడి లేదు." అరచేతులు తిప్పి చూసుకుని, "ఊళ్లె నిమ్మతోట వెడితే ఎండిపాయె. కోళ్లు వెడితే రోగమొచ్చి పాయె. నీ చేతుల మొలక లేదురా అనేది మా అవ్వ. ఒక్కటన్న నా చేతి మీద లేస్తే సూడాలని ఉన్నది" అన్నాడు.

అంత పొడుగు మాట ఆయన నోటి నుంచి అంతకు ముందూ వినలేదు, ఆ తర్వాతా వినలేదు. ఆ రోజు నుంచి నేను నీళ్ల పీపాల గురించి సణగడం మానలేదు గానీ, ఒకటి ఎక్కువే ఎక్కించేవాణ్ని.

రెండో చలికాలం వచ్చింది. మొదటి దానికంటే మొండిది. దుంగల కోసిన చివర్ల మీద తెల్లగా, సున్నం చల్లినట్టు, బూజు పట్టింది. ఆ జపాన్ మేకులకున్న బూజే లోపల పాకి బయటికి వచ్చిందని, ఇక గొడుగులు లేస్తాయని కాకా మొహం వెలిగిపోయింది. క్యాంపులో మిగతావాళ్ల కళ్లకు మాత్రం అవి ఎండిన పొయ్యికట్టెలే. ఊరివాళ్ల చెట్టు ముట్టుకోవడానికి వీల్లేదు. షట్టరింగ్ తుక్కు ముక్కలు వంటకే చాలవు. అలాంటి చోట, కంటి ఎదురుగా అంత ఖుబానీ కట్టె పేర్చిపెట్టి, ముట్టుకోవద్దంటే ఎవడు ఊరుకుంటాడు?

అందరికంటే కష్టం మస్తాన్‌దే. రోజంతా తడి సిమెంటులో చేతులు. వేళ్లు పగిలి నెత్తురు కారేది. సాయంత్రం గిన్నె పట్టుకోలేక మోకాళ్ల మధ్య పెట్టుకుని తినేవాడు. ఒక సాయంత్రం లేచి తిన్నగా పోయి ఒక దుంగ భుజానికెత్తాడు. కాకా అడ్డం నిలబడ్డాడు.

"ఒక్కటియ్యి కాకా. ఒక్కటే. చేతులు సూడు" అని అరచేతులు చాచాడు మస్తాన్. ఆ చేతులు చూస్తే నాకే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

కాకా చూశాడు. తర్వాత దుంగను మస్తాన్ భుజం మీది నుంచి పసిపిల్లను దించినట్టు దించి, దాని చోట దాన్ని పెట్టాడు. రూమ్‌లోకి పోయి తన కంబలి తెచ్చి మస్తాన్ మీద కప్పాడు.

"దుంగ ఇయ్య. గిది తీస్కో."

ఆయనకున్నది ఆ ఒక్క కంబలే. చలికాలమంతా ఖాళీ సిమెంటు సంచుల కాగితాలు పొరలు పొరలుగా కప్పుకుని పడుకున్నాడు. కదిలితే గరగరా చప్పుడు. "కాకా, అడుక్కో నీ కంబలి, మస్తాన్ ఇస్తడు. మీరిద్దరు ఒకదాంట్ల పండుకోరాదు?" అంటే, "అయితది తియ్" అన్నాడు. ఏమైందో చూశాంగా! చలి ఇంకా పోకముందే ఛాతీ పట్టేసి, ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చింది. నేనే పికప్‌లో వేసుకుని బహ్లా తీసుకుపోయి, కంపెనీ స్టోర్ పక్క గదిలో పడుకోబెట్టి, డాక్టరుకు చూపించాను. దుంగలను నీళ్లలో ముంచి కొట్టాల్సిన రోజులు సరిగ్గా అవే. జ్వరంలో కూడా అవే కలవరింతలు.

నేను పైకి పోయినప్పుడల్లా మస్తాన్ అడిగేవాడు. ఎట్లున్నాడు, ఏమన్నా తింటావున్నాడా అని. కంబలి మడిచి తలగడ కింద పెట్టాడు, కప్పుకోవడం మానేశాడు. "నా వల్లనే గదా భాయ్" అనేవాడు. నేను కాదనలేదు. నిజమే కదా.

తగ్గింది. కాకాను ఎక్కించుకుని కొండెక్కాను. క్యాంపు మలుపు తిరగ్గానే, బండి ఆగకముందే, కాకా ముక్కు ఎగబీల్చాడు.

డీజిల్ వాసన.

షట్టరింగ్ పని తెలియని వాళ్లకు ఒక మాట చెప్పాలి. పలకలు ఊడదీశాక వాటికంటిన సిమెంటు గీకి, బూజు పడితే తీగ బ్రష్షుతో తోమి, ఇంజన్ల పాత నూనెలో డీజిల్ కలిపి పట్టిస్తారు. అది పట్టిస్తే కట్టె కుళ్లదు, బూజు రాదు, పదిసార్లు వాడుకోవచ్చు. సైట్లో పనిచేసే ఎవడికైనా కట్టె మీద తెల్లగా కనిపిస్తే చెయ్యి నూనె డబ్బా మీదికే పోతుంది. అది అడగక్కర్లేని పని, ఒకరికి ఒకరు చేసిపెట్టే పని.

దుంగల దగ్గర మస్తాన్ నిలబడి ఉన్నాడు. పగిలిన చేతులకు గుడ్డలు చుట్టుకుని, బ్రష్షు పట్టుకుని, మొహమంతా నవ్వు. దుంగలన్నీ నల్లగా మెరుస్తున్నాయి.

"రా కాకా, సూడు! నువ్వు ల్యాకపోతే నీ లకడీ అంతా బూజు పట్టి నాశనమైతావుండె. తీగ బ్రష్షుతో రుద్ది రుద్ది తీసినా. నూనె రెండు కోట్లు పూసినా. ఇంగ పదేండ్లయినా చెడిపోయేది లేదు. ఇన్ని దినాలు నీతో కొట్లాడినా గదా. ఈ ఒక్క పనన్నా చేద్దామని."

నా నోరు తెరుచుకుంది. "ఓరి నీ..." అన్నంతవరకు వచ్చింది. కాకా నా మణికట్టు పట్టుకున్నాడు. జ్వరం నుంచి లేచిన మనిషి పట్టు కాదది.

ముందుకు పోయి, దుంగకు వేలు రాసి, వాసన చూసుకున్నాడు. గణుపుతో తట్టలేదు. నేను "అయితది తియ్" కోసం ఎదురుచూశాను. అదీ రాలేదు.

"మంచిగ పూసినవ్ మస్తానూ" అన్నాడు.

స్టోర్ వెనక్కి తీసుకుపోయి నేను కేకలేశాను. ఏడాది పాటు వాడి తిట్లు తిన్నావు, కంబలిచ్చావు, చావుదాకా పోయావు, ఇప్పుడు మంచిగ పూసినవా? చెప్పు వాడికి, ఏం చేశాడో!

"చెప్తే నూనె ఎనుకకొస్తదా?" అన్నాడు.

"రాదు. కని వానికి తెలుస్తది!"

"తెలిసి?"

ఆ "తెలిసి?" అనే మాట ఇప్పటికీ నాకు మంట.

మర్నాడు ఎవరూ చూడకుండా ఒక దుంగను బాడిసతో చెక్కి చూశాడు. చెక్కితే బెరడు పోతుంది, బెరడు పోతే దుంగ ఎండుతుంది. చెక్కకపోతే నూనె. రెండు చోట్లా చావే. మూడోవారం మస్తానే అడిగాడు, "ఏంది కాకా, ఇంగా రాలా?" అని. కాకా పలక కొడుతూ, తల తిప్పకుండా చెప్పాడు.

"సలికి పోయినయి మస్తానూ. గీ సలికి మనమే ఆగుతలేము. అవేం ఆగుతయి?"

మస్తాన్ నిజంగా బాధపడ్డాడు. భుజం మీద చెయ్యి వేసి ఓదార్చాడు కూడా. పుట్టగొడుగులు రాని దుంగలు ఇక దేనికని ఆ సాయంత్రం క్యాంపంతా చేరి వాటిని తగలబెట్టారు. రెండు కోట్లు నూనె పట్టిన కట్టె, ఎలా మండిందనుకున్నారు! ఆ రెండు చలికాలాల్లో మాకు దొరికిన వెచ్చటి సాయంత్రం అదొక్కటే. పాటలు పాడారు. కాకాను వెక్కిరించారు, జపాన్ సారులాగా వణికి, చెమట తుడుచుకుని, పిడికిలి విప్పి చూపించారు. మస్తాన్ కాకాను లాక్కొచ్చి మంట దగ్గర ముందు వరసలో కూర్చోబెట్టాడు. కాకా చేతులు చాచి కాచుకున్నాడు. నేను పోయి పికప్‌లో కూర్చుని తలుపు వేసుకున్నాను.

ఒక్క దుంగ మిగిలింది. వంకరది, పేర్పులో ఇమడక పక్కన పడి ఉండేది. మిగతావాటికి నూనె పూస్తున్నంతసేపూ మస్తాన్ దాని మీదే కూర్చున్నాడట. అందుకే దానికి పూయలేదు. కాకా దాన్ని ఎప్పుడు తప్పించాడో తెలియదు. నా పికప్ నిలబెట్టే రేకుల షెడ్డు వెనక, పీపాలో ముంచి ఉంచాడు. మర్నాడు తీసి, సుత్తి పట్టుకుని, మిక్సర్ కోసం కాచుకున్నాడు. కాంక్రీటు మిక్సర్ తిరుగుతున్నంతసేపూ ఆ చప్పుడు చాటున ధనధనా కొట్టడం, మిక్సర్ ఆగితే ఆపడం. మళ్లీ తిరిగితే మళ్లీ ఉరుములు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. సొంత దుంగను దొంగలాగా కొట్టుకుంటున్నాడు మనిషి!

తర్వాత ఒక పొద్దున నేను బండి తుడుస్తుంటే షెడ్డు వెనక నుంచి, "ఇటు రా" అన్నాడు.

పోయాను. దుంగ పక్కన గొంతుకూర్చుని ఉన్నాడు. బెరడు చీల్చుకుని ఒక గుత్తి లేచింది. గోధుమరంగు టోపీలు, వాటి మీద నెర్రెలు. మంచు పడి తడిగా ఉన్నాయి. కాకా గణుపుతో దుంగను రెండుసార్లు తట్టాడు.

"జవాబిచ్చింది బిడ్డా" అన్నాడు. నోటి మూల నుంచి కాదు. నిండు నోటితో.

నేను ఎగిరాను. "పట్టు కాకా, ఎత్తుకో! క్యాంపు నడుమ పెడదాం. అందరొచ్చి చూడాలె. నెత్తిన పెట్టుకొని తిరుగుదాం!"

"సప్పుడు చెయ్యకు."

"ఎందుకు?"

"సూపిస్తే అడుగుతడు. గిదెట్ల లేసింది, అవెందుకు లేవలేదని. మస్తాన్‌కు తెలివి తక్కువనా? గిదొక్కదానికే నూనె లేదని కండ్లకు కనవడుతది."

నాకు పట్టలేని కోపం వచ్చింది. ఎవరి మీదని? మస్తాన్ మీదా? వాడు మనసారా చేశాడు. ఈయన మీదే. ఇరవై ఏళ్లలో ఒక్కటి, తన చేతి మీద లేచినది ఒక్కటంటే ఒక్కటి, దాన్ని రేకుల వెనక దాచిపెడతానంటాడేమిటి? "ఏడాదంతా నవ్విన్రు నిన్ను! ఒక్కసారి చూపియ్యి, ఒక్కసారి! మస్తాన్ ఏడిస్తే ఏడువనీ!" అని అరిచాను. ఆయన చాకు తీసి, గుత్తిని మొదట్లో కోసి, తలగుడ్డలో మూట కట్టాడు.

ఆ సాయంత్రం మా రూమ్ వంట వంతు కాకాది. మేకమాంసంలో అవి ముక్కలు కోసి కలిపేశాడు. నేను గరిటె పట్టుకున్నాను.

"అందర్ని చంపుతవా? మొద్దు మీద మొలిచినయి!"

"పొద్దుగాల ఒకటి తిన్న. సచ్చిన్నా?"

అందరూ తిన్నారు. ఎవరికీ అనుమానం రాలేదు. "ఈరోజు గోష్ మెత్తగుండాది కాకా, యాడ తెచ్చినావు?" అని మస్తాన్ రెండోసారి పెట్టించుకున్నాడు. కాకా గిన్నె అడుగు గీకి, తన పళ్లెంలో వేసుకోకుండా, అదీ వాడి పళ్లెంలోనే వేశాడు. వాడు తింటుంటే చూస్తూ కూర్చున్నాడు. మొహంలో ఏముందో నేను చెప్పలేను, మూల నుంచి మాట్లాడే మనిషి మొహం ఎవరికి తెలుస్తుంది.

అగ్రిమెంట్ అయిపోయి కాకా దిగిపోయేనాడు ఆ వంకర దుంగను ఖుబానీ చెట్ల ముసలాయన తోటలో గోడవార దించమన్నాడు. దించాను. ముసలాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, దాని మీద కూర్చున్నాడు. బడి కొత్త సున్నంతో తెల్లగా ఉంది. కాకా దాని వంక చూడనే లేదు.

ఇదంతా మొన్న ఫోన్ పట్టుకుని నిలబడ్డ కాసేపట్లో నా కళ్ల ముందు తిరిగింది. అవతల మస్తాన్ భాయ్ ముక్కు చీదుకుంటున్నాడు. ఆయనకిప్పుడు మాట తడబడుతోంది, చేతుల పగుళ్లు ఇంకా చలికాలం వస్తే లేస్తాయట. కంబలి ఇంకా పెట్టెలో ఉందట.

"ఒక్కటే బాధ భాయ్," అన్నాడు. "ఆ దుంగలు. ఎంత ఆశపడినాడు! నేను సలికాలమంతా కొట్లాడినా గదా, కడాకు బుద్ధొచ్చి, నా చేతుల్తోనే నూనె పూసినా, రెండు కోట్లు. నా బతుకులో ఒకరికి చేసిన మంచి పని అదొకటి భాయ్, ఇప్పుటికీ తలుచుకుంటా. అయినా ల్యాకపాయె. ఒక్కటన్నా మొలిచింటే సూసిపోయేటోడు. నిజంగా సలికే పోయినాయంటావా?"

నలభై ఏళ్లకు పైగా నాలిక చివర పెట్టుకుని తిరిగిన మాట. ఇప్పుడు పట్టుకోవడానికి నా మణికట్టు దగ్గర ఎవరూ లేరు. మొలిచింది భాయ్, నువ్వు రెండోసారి పెట్టించుకుని మరీ తిన్నావు, నీ నూనె వల్లే మిగతావి పోయాయి. అంతే, మూడు ముక్కలు. నోరు తెరిచాను.

"చలికే భాయ్," అన్నాను. "ఆ చలికి ఏం బతుకుతది?"

"అంతే లే," అన్నాడు మస్తాన్, తేలిగ్గా ఊపిరి వదిలి.

ఫోన్ పెట్టేశాక నాకు మళ్లీ ఒళ్లు మండింది, కాకా మీదే. ఉన్నన్నాళ్లూ నా మాట ఒక్కటీ చెల్లనివ్వలేదు. పోయి కూడా చెల్లనివ్వలేదు.